వృద్ధ తల్లిదండ్రుల ఖిద్మత్: వారి ఇంట్లో, వారి ఇష్టంతో

మనిషి జీవితంలో బలహీనత రెండుసార్లు వస్తుంది. అల్లాహ్ మానవుణ్ణి బలహీన స్థితిలో పుట్టించాడని, ఆ తర్వాత బలాన్ని ప్రసాదించాడని, ఆ బలం తర్వాత మళ్ళీ బలహీనతను, నెరసిన జుట్టును ఇచ్చాడని దివ్య ఖుర్ఆన్ అర్‌రూమ్ సూరా 54వ ఆయతు మనకు తెలియజేస్తోంది. మొదటి బలహీనతలో మనల్ని ఎత్తుకుని తిప్పిన చేతులే ఈ రోజు రెండో బలహీనతలో వణుకుతున్నాయి. ఆ చేతులను మనం ఎలా పట్టుకోవాలి? ఈ పాఠంలో మనం ఆలోచించవలసిన విషయం ఇదే.

మన దేశంలో 60 సంవత్సరాలు పైబడిన వారు 2011 జనాభా లెక్కల నాటికే 10.38 కోట్ల మంది. ఆయుర్దాయం పెరిగింది, కుటుంబాలు చిన్నవయ్యాయి. కడప, కరీంనగర్, నిజామాబాద్ లాంటి జిల్లాల నుంచి ఎందరో కొడుకులు రియాద్, దుబాయ్, కువైట్‌లకు వెళ్ళారు. చదువుకున్న పిల్లలు హైదరాబాద్, బెంగళూరు, అమెరికాలలో స్థిరపడ్డారు. ఊళ్ళో పాత ఇంట్లో అమ్మీ ఒక్కతే ఉంటోంది, లేదా అబ్బా, అమ్మీ ఒకరికొకరు తోడుగా మిగిలారు. ఇలాంటి గడప లేని మహల్లా ఈనాడు బహుశా ఉండదు.

ఇటువంటి ఇళ్ళలో సాధారణంగా రెండు రకాల పొరపాట్లు జరుగుతున్నాయి. కొందరు తల్లిదండ్రుల మాట అడగకుండానే వారి ఇంటికి తాళం వేసి, తమ వెంట నగరంలోని నాలుగో అంతస్తుకు తీసుకువెళతారు. అక్కడ పలకరించే మనిషి ఉండడు, నడిచి వెళ్ళేంత దూరంలో మస్జిద్ ఉండదు, వంటగదిలో తన మాట చెల్లదు. మరికొందరు నెలనెలా డబ్బు పంపి, తమ బాధ్యత తీరిపోయిందని నిశ్చింతగా ఉంటారు. మొదటివారు తల్లిదండ్రుల ఇష్టాన్ని మరిచారు, రెండోవారు తల్లిదండ్రులనే మరిచారు. ఈ రెండింటికీ మధ్య ఒక మార్గం ఉంది. తల్లిదండ్రులు తమ ఇంట్లోనే, తమ గౌరవంతో, తమ నిర్ణయాలతో జీవించేలా, వారికి చేతకాని పనులకు మాత్రమే తోడు ఏర్పాటు చేయటం. అయితే ఆ తోడు ఎవరైనప్పటికీ, బాధ్యత మాత్రం సంతానానిదే.

మద్‌యన్ వృద్ధుని ఇల్లు

ఈ మార్గానికి చక్కని ఉదాహరణ అల్‌ ఖసస్ సూరా 23 నుంచి 28 వరకు గల ఆయతులలో ఉంది. హజ్రత్ మూసా (అలై) ఈజిప్టు వదిలి మద్‌యన్ చేరుకున్నారు. అక్కడ నీటి బావి దగ్గర ఇద్దరు స్త్రీలు తమ పశువులను ఆపుకుని దూరంగా నిలబడి ఉన్నారు. తమ తండ్రి బాగా ముసలివాడని, కాపరులు వెళ్ళిపోయేవరకు తాము నీళ్ళు పెట్టలేమని చెప్పారు. హజ్రత్ మూసా (అలై) వారి పశువులకు నీళ్ళు పెట్టారు. ఆ తర్వాత వారిలో ఒకరు, ఈయనను పనిలో పెట్టుకోమని, పనికి పెట్టుకోవటానికి బలమూ నమ్మకమూ ఉన్న మనిషే ఉత్తముడని తండ్రికి సలహా ఇచ్చారు. ఆ వృద్ధుడు ఎనిమిది సంవత్సరాల గడువు పెట్టి, పది పూర్తి చేస్తే అది మీ ఇష్టమని చెప్పి, మిమ్మల్ని కష్టపెట్టటం నా ఉద్దేశం కాదని కూడా అన్నారు.

ఈ వృత్తాంతాన్ని మనం ఎన్నోసార్లు విన్నాం. కానీ ఇందులోని వృద్ధుని ఇంటిని ఎప్పుడైనా గమనించామా? ఆయనకు బావి దగ్గరకు వెళ్ళే శక్తి లేదు. అయినా ఇంటి పెద్ద ఆయనే. అతిథిని పిలిపించింది ఆయనే, ఒప్పందం చేసింది ఆయనే, గడువు నిర్ణయించింది ఆయనే. కూతుళ్ళు బయటి పని చూసుకున్నారు, సలహా ఇచ్చారు. కానీ తండ్రి స్థానంలో తాము కూర్చోలేదు. శరీరంలో బలం తగ్గటం వేరు, ఇంట్లో మాట తగ్గటం వేరు. మొదటిది అల్లాహ్ నిర్ణయం. రెండోది మాత్రం చాలా సందర్భాలలో మన చేతుల మీదుగానే జరుగుతోంది.

అల్‌ ఇస్రా సూరా 23, 24 ఆయతులలో అల్లాహ్ తన ఆరాధన గురించి ఆదేశించిన వెంటనే తల్లిదండ్రుల పట్ల ఉత్తమ వైఖరిని ఆదేశించాడు. వారిలో ఒకరు గానీ ఇద్దరూ గానీ నీ వద్ద వృద్ధాప్యానికి చేరుకుంటే వారిని ‘ఉఫ్’ అని కూడా అనవద్దని, కసురుకోవద్దని, మర్యాదగా మాట్లాడమని చెప్పాడు. ‘నీ వద్ద’ అన్న మాట మన బాధ్యతను తెలియజేస్తోంది. వారు మన ఇంట్లో ఉన్నా, మనం వారి ఇంట్లో ఉన్నా, వారు ఊళ్ళోనూ మనం పరాయి దేశంలోనూ ఉన్నా, వారు మన సంరక్షణ నుంచి బయటికి పోరాదు.

ఏది చేయగలరు? ఏది చేయలేరు?

సహాయం మొదలు పెట్టేముందు ఒక కాగితం తీసుకుని పెద్దవారితో కూర్చోవాలి. స్నానం, బట్టలు తొడుక్కోవటం, మరుగుదొడ్డికి వెళ్ళటం, మంచం నుంచి లేచి కుర్చీలో కూర్చోవటం, మలమూత్రాలపై అదుపు, స్వయంగా అన్నం తినటం అనే ఆరు విషయాలను వైద్యులు ముందుగా పరిశీలిస్తారు. తర్వాత వంట, మందులు వేసుకోవటం, డబ్బు లెక్క, ఫోను చేయటం, బజారుకు వెళ్ళటం వంటివి చూడాలి. ప్రతి దాని ముందు ‘స్వయంగా’, ‘కొంత తోడుతో’, ‘చేతకాదు’ అని రాసుకోవాలి. అప్పుడు మనకు ఒక విషయం స్పష్టమవుతుంది. చాలామంది పెద్దలకు రోజంతా మనిషి అవసరం లేదు. ఉదయం స్నానానికి ఒక గంట, సాయంత్రం వంటకు ఒక గంట తోడు ఉంటే మిగతా రోజు తమంతట తామే గడుపుకోగలరు.

చేతనైన పనిని కూడా మనమే చేసిపెట్టటం ప్రేమ అనిపిస్తుంది గానీ, దాని వల్ల కీడు ఉంది. వాడని కండరం త్వరగా క్షీణిస్తుంది. వృద్ధాప్యంలో కొద్ది రోజులు మంచం మీదే ఉన్నా కాళ్ళ పట్టు తగ్గిపోతుంది. పప్పు ఏరటం, మొక్కలకు నీళ్ళు పోయటం, మనవలకు ఖాయిదా చదివించటం లాంటి పనులను వారి చేతుల నుంచి లాక్కోకూడదు.

ఇంటిని సిద్ధం చేయటం

పెద్దల స్వతంత్ర జీవనానికి అతి పెద్ద శత్రువు జారిపడటం. తుంటి ఎముక విరిగితే నిన్నటివరకు మస్జిద్‌కు నడిచిన మనిషి ఈ రోజు మంచానికి అతుక్కుపోతాడు. దీనికి పెద్ద ఖర్చు అక్కరలేని ఏర్పాట్లు ఉన్నాయి.

1. స్నానాల గదిలో గోడకు పట్టుకునే స్టీలు కడ్డీ బిగించాలి. జారని రబ్బరు పట్టా వేయాలి. స్నానానికి, వుజూకు గట్టి కుర్చీ ఉంచాలి. కిందికి కూర్చోలేని వారికి కమోడ్ కుర్చీ అవసరం.

2. మంచం నుంచి స్నానాల గది వరకు రాత్రంతా చిన్న బల్బు వెలగాలి. తహజ్జుద్, ఫజర్‌లకు లేచే పెద్దలకు ఇది మరీ ముఖ్యం.

3. అంచులు లేచిన చాపలు, దారిలో ఉన్న వైర్లు తీసివేయాలి. నమాజు అయిన తర్వాత జానమాజ్ మడిచి పెట్టాలి. పాదాల కింద పడే పొడవైన లుంగీ, సల్వార్‌లను పొట్టి చేయించాలి.

4. రోజూ వాడే గిన్నెలు, డబ్బాలు నడుము ఎత్తులో ఉంచాలి. స్టూలు ఎక్కవలసిన అవసరం రాకూడదు.

5. మాత్రలను వారానికి సరిపడా అరలున్న డబ్బాలో సర్దాలి. దగ్గరివారి ఫోను నంబర్లు పెద్ద అక్షరాలలో గోడకు అంటించాలి.

6. పడుకున్న మనిషి ఒక్కసారిగా లేవకూడదు. ముందు మంచం మీద కూర్చుని, కాసేపు ఆగి నిలబడాలి. సజ్దా నుంచి లేచేటప్పుడు తల తిరిగే వారు ఆ విషయం వైద్యునికి చెప్పాలి. రక్తపోటు మందుల వల్ల కూడా అలా జరగవచ్చు.

ఆరాధనలో అల్లాహ్ ఇచ్చిన సౌలభ్యం

మూలవ్యాధితో బాధపడుతున్న హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) నమాజు గురించి అడిగినప్పుడు, నిలబడి చేయమని, శక్తి లేకపోతే కూర్చుని, అదీ కాకపోతే పక్కకు పడుకుని చేయమని దైవప్రవక్త (స) బోధించారు. నీరు హాని చేసే స్థితిలో తయమ్ముమ్ ఉంది. వుజూ నీళ్ళు మరొకరు పోసినా దోషం లేదు. ఉపవాసం పాటించే శక్తి తిరిగి వస్తుందన్న ఆశ లేని వృద్ధులకు ఫిద్యా సౌకర్యం ఉంది.

ఒక విషయం సిగ్గు వల్ల ఎవరూ అడగరు. మూత్రం అదుపులో లేని ఎందరో పెద్దలు తమ నమాజు ఇక చెల్లదని భావించి మానివేస్తున్నారు, లోలోపల కుమిలిపోతున్నారు. ఒక నమాజు వేళ మొత్తంలో ఫర్జ్ నమాజు చేసుకునేంత వ్యవధి కూడా లేకుండా మూత్రం చుక్కలు పడుతూ ఉంటే, ఆ వ్యక్తిని ధర్మశాస్త్రం ‘మాజూర్’గా పరిగణిస్తుంది. హనఫీ పండితుల ప్రకారం ఆయన ఒక్కొక్క నమాజు వేళకు ఒకసారి వుజూ చేసి, ఆ వేళ ముగిసేవరకు ఆ కారణం ఉన్నప్పటికీ నమాజు చేసుకోవచ్చు. ఈ మాట మన పెద్దల చెవిన మెల్లగా వేయటం కూడా గొప్ప ఖిద్మతే. వివరాల కోసం దగ్గరలోని ఆలిమ్‌ను సంప్రదించాలి.

సహాయానికి మనిషిని పెట్టుకున్నప్పుడు

కొడుకు రియాద్‌లో, కూతురు అత్తవారింట్లో ఉన్నప్పుడు ఆయాను లేదా మగ సహాయకుణ్ణి పెట్టుకోవటం తప్పు కాదు. ‘డబ్బిచ్చి సేవ చేయిస్తున్నారు’ అని నిందించేవారు మద్‌యన్ వృద్ధుని ఇంటిని గుర్తు చేసుకోవాలి. అయితే కొన్ని నియమాలు పాటించాలి.

మొదటిది, ఎంపిక. బలమూ నమ్మకమూ అన్న రెండు గుణాలు అక్కడే చెప్పబడ్డాయి. బలమంటే పని తెలిసి ఉండటం కూడా. మంచాన పడిన మనిషిని దాదాపు రెండు గంటలకొకసారి పక్కకు తిప్పకపోతే పడక పుండ్లు వస్తాయని తెలియని మనిషి ఎంత మంచివాడైనా చాలడు. నమ్మకం కోసం గుర్తింపు కార్డు, ఇంతకుముందు పనిచేసిన ఇంటివారి మాట, పోలీసు స్టేషన్ ద్వారా వివరాల పరిశీలన అవసరం. ఇంట్లో బంగారం, పెద్ద మొత్తం నగదు ఉంచి ఎవరినీ పరీక్షకు గురిచేయరాదు.

రెండోది, ఒప్పందం. పని గంటలు, జీతం, సెలవు, భోజనం, పడుకునే చోటు ముందే మాట్లాడుకుని రాసుకోవాలి. శ్రామికుని చెమట ఆరకముందే అతని కూలి ఇవ్వమని దైవప్రవక్త (స) ఆదేశించారు. వంట కోసం పెట్టుకున్న మనిషి చేత పక్కింటి కొడుకు బట్టలు కూడా ఉతికించటం అన్యాయం. శిక్షణ లేని మనిషి చేత ఇంజెక్షన్లు వేయించటం ప్రమాదం.

మూడోది, మరుగు. అన్‌నూర్ సూరా 58వ ఆయతు ఇంట్లో పనిచేసేవారు కూడా ఫజర్‌కు ముందు, మధ్యాహ్నం బట్టలు తీసి విశ్రమించే వేళ, ఇషా తర్వాత అనుమతి అడిగి లోపలికి రావాలని నేర్పింది. మంచాన పడిన వృద్ధురాలైనా సరే, తలుపు తట్టకుండా ఆమె గదిలోకి వెళ్ళే హక్కు ఎవరికీ లేదు. స్త్రీకి స్త్రీ, పురుషునికి పురుషుడే సహాయం చేయాలి. శుభ్రపరిచేటప్పుడు దుప్పటి కప్పి, చేతికి తొడుగు వేసుకుని, అవసరమైనంత వరకే చేయాలి.

నాలుగోది, ప్రవర్తన. హజ్రత్ అనస్ (రజి) దైవప్రవక్త (స)కు పది సంవత్సరాలు సేవ చేశారు. ఆ కాలమంతటిలో ఆయన (స) తనను ఒక్కసారి కూడా ‘ఉఫ్’ అనలేదని ఆయన సాక్ష్యమిచ్చారు. తల్లిదండ్రుల విషయంలో ఖుర్ఆన్ ఏ మాటను నిషేధించిందో, ఆ మాటనే దైవప్రవక్త (స) తన సేవకుని పట్ల కూడా పలకలేదు! మన అమ్మీని ఎత్తి కూర్చోబెట్టే స్త్రీ ఏ మతస్థురాలైనప్పటికీ, మనం తినేదే ఆమెకు పెట్టాలి, మోయలేని భారం వేయరాదు. ఆమెను మనం కసురుకుంటే ఆ కోపం చివరికి ఎవరి మీద చూపబడుతుందో ఆలోచించండి.

ఖర్చు ఎవరిది? పని ఎవరిది?

తల్లిదండ్రుల వద్ద తగినంత సొమ్ము ఉంటే వారి ఖర్చు వారి సొమ్ము నుంచే, వారి ఇష్టంతో చేయవచ్చు. లేని పక్షంలో స్తోమత గల సంతానంపై వారి పోషణ విధి అవుతుంది. హనఫీ పండితుల ప్రసిద్ధ అభిప్రాయం ప్రకారం ఇందులో కొడుకు, కూతురు ఇద్దరూ సమానమే. వారసత్వం పంచుకునే రోజున అందరూ హాజరవుతారు, మందుల చీటీ పంచుకునే రోజున మాత్రం ఒక్కరే మిగులుతారు. ఇది న్యాయమేనా?

తల్లిదండ్రులకు జకాత్ ఇవ్వటం చెల్లదు. ఎందుకంటే వారి పోషణ మన బాధ్యత. కానీ మహల్లాలో ఎవరూ లేని పేద వృద్ధురాలికి జకాత్ ఇవ్వవచ్చు. హనఫీ విధానంలో ఆ సొమ్మును ఆమె చేతికిచ్చి ఆమెను యజమానిని చేయాలి. ఆ తర్వాత ఆమే దాని నుంచి ఆయా జీతం చెల్లించుకోవచ్చు. మనమే నేరుగా జీతంగా ఇవ్వదలచుకుంటే సదఖా సొమ్ము నుంచి ఇవ్వాలి.

ఇక్కడ ఒక అన్యాయాన్ని ప్రస్తావించక తప్పదు. కొడుకు విదేశంలో ఉండి, అమ్మీ ఖిద్మత్ అంతా భార్య నెత్తిన పెట్టి, లోపం జరిగితే ఫోనులో ఆమెను నిలదీస్తాడు. అత్తమామల సేవ కోడలి సహృదయత, దానికి అల్లాహ్ వద్ద గొప్ప పుణ్యం ఉంది. కానీ ధర్మశాస్త్ర రీత్యా ఆ విధి కొడుకుది, కూతురిది. ఆమె చేస్తే కృతజ్ఞత చెప్పాలి, తోడు మనిషిని ఏర్పాటు చేయాలి, ఆమెకు విశ్రాంతి దినం ఇవ్వాలి.

ప్రభుత్వ సౌకర్యాల గురించి కూడా తెలుసుకోవాలి. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. పోషించని సంతానంపై తల్లిదండ్రులు ట్రిబ్యునల్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. చూసుకుంటామన్న షరతుపై ఆస్తి రాయించుకుని చూడకపోతే ఆ దస్తావేజును రద్దు చేయించుకునే అవకాశం 23వ సెక్షన్‌లో ఉంది. వృద్ధుల సహాయం కోసం 14567 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు. హైదరాబాద్‌లో 2017లో మొదలైన ఈ ఏర్పాటు 2021లో దేశమంతటికీ విస్తరించింది. 70 ఏళ్ళు నిండిన వారందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా సంవత్సరానికి కుటుంబానికి 5 లక్షల రూపాయల వరకు ఉచిత వైద్యం ఆయుష్మాన్ భారత్ కింద 2024 అక్టోబరులో ప్రారంభమైంది. అయితే అది ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చుకే గానీ, ఇంటి దగ్గర ఆయా జీతానికి కాదు. ఆ లోటును పూడ్చవలసింది కుటుంబం, మహల్లా.

మహల్లా బాధ్యత

హజ్రత్ అబూబక్ర్ (రజి) ఖలీఫా కాకముందు తమ పేటలోని ఇళ్ళవారికి మేకల పాలు పితికి ఇచ్చేవారు. ఆయన ఖలీఫా అయ్యాక ఇక పాలు ఎవరు పితుకుతారని ఒక బాలిక విచారించిందట. ఆయన ఆ పని మానలేదని చరిత్రకారులు రాశారు. మదీనా శివార్లలో కళ్ళు కనిపించని ఒక వృద్ధురాలి ఇంటి పని చేయటానికి హజ్రత్ ఉమర్ (రజి) రాత్రివేళ వెళితే, తనకన్నా ముందే ఎవరో వచ్చి చేసిపోతున్నారని తెలిసింది. కాపు కాసి చూడగా ఆ వ్యక్తి హజ్రత్ అబూబక్ర్ (రజి) అని తేలిందని కూడా ఉల్లేఖించబడింది. ఆ వృద్ధురాలు తన ఇంట్లోనే ఉంది, సహాయం ఆమె గడపకు వచ్చింది.

ఇది గతించిన కాలపు గాథ మాత్రమే కాదు. కేరళలోని కోజికోడ్‌లో 1993లో వైద్యులు ప్రారంభించిన ఉపశమన వైద్యం, మలప్పురం లాంటి జిల్లాలలో ఇరుగుపొరుగు వారి ఉద్యమంగా మారింది. నర్సు, వైద్యునితో పాటు శిక్షణ పొందిన సాధారణ ప్రజలు మంచాన పడిన వారి ఇళ్ళకు వెళతారు, పుండ్లు కడుగుతారు, మందులు ఇస్తారు, కూర్చుని మాట్లాడతారు. 2008లో అక్కడి ప్రభుత్వం దీనిని తన విధానంగా స్వీకరించింది. వారు చేయగలిగినది మనం చేయలేమా?

మన మస్జిద్ కమిటీలు ఒక జుమా రోజున మహల్లాలో ఒంటరిగా ఉంటున్న వృద్ధుల జాబితా రాయవచ్చు. వారు ఏ మతం వారైనా పొరుగువారే. ప్రతి ఉదయం ఒకరు ఫోను చేయాలి, ఎత్తకపోతే ఇంటికి వెళ్ళి చూడాలి. యువకులు మందులు, సరుకులు తెచ్చిపెట్టాలి. సోదరీమణులు వృద్ధ స్త్రీల ఇళ్ళకు వంతులవారీగా వెళ్ళాలి. వాకర్, చక్రాల కుర్చీ, కమోడ్ కుర్చీ మస్జిద్‌లో ఉంచి అవసరమైన వారికి ఇచ్చి తీసుకోవాలి.

ఒంటరిగా వదలరాని స్థితి

ఒక హెచ్చరిక. పొయ్యి ఆర్పటం మరిచిపోతున్నా, రోజూ వెళ్ళే మస్జిద్ నుంచి దారి తప్పుతున్నా, వేసుకున్న మాత్రే మళ్ళీ వేసుకుంటున్నా అది కేవలం వయసు ప్రభావమని తోసిపుచ్చరాదు. వైద్యునికి చూపించాలి. మతిమరుపు వ్యాధి ముదిరిన వారిని, మంచం దిగలేని వారిని ‘వారి ఇష్టం’ అన్న పేరుతో ఒంటరిగా వదలటం నిర్లక్ష్యమే. అప్పుడు రేయింబవళ్ళు మనిషి ఉండాలి, లేదా సంతానమే అక్కడికి వెళ్ళాలి, లేదా మంచి మాటలతో తమ ఇంటికి తీసుకురావాలి. అలా తెచ్చిన తర్వాత కూడా వారి మంచం ఏ దిక్కున వేయాలి, ఏ వేళ తినాలి అన్నవి వారినే అడగాలి.

ప్రియ పాఠకులారా! ఆయా స్నానం చేయించగలదు, అన్నం తినిపించగలదు. కానీ ‘బేటా, ఎప్పుడొస్తావు?’ అన్న ప్రశ్నకు ఆమె జవాబు చెప్పలేదు. ఆ జవాబు మన దగ్గరే ఉంది. రోజూ ఒక నిర్ణీత వేళకు ఫోను చేయండి. ఆరోగ్యం అడిగి పెట్టేయకుండా సలహా అడగండి, దుఆ అడగండి. వీలైనంత త్వరగా వెళ్ళి పక్కన కూర్చోండి. జిహాద్‌కు అనుమతి కోరి వచ్చిన వ్యక్తిని, తల్లిదండ్రులు బ్రతికే ఉన్నారని తెలుసుకుని, వారి సేవలోనే పాటుపడమని దైవప్రవక్త (స) తిప్పి పంపారు.

బాల్యంలో వారు మనల్ని ఎలా దయతో పెంచారో, అలాగే వారిపై దయ చూపమని ప్రార్థించటాన్ని అల్లాహ్ స్వయంగా మనకు నేర్పాడు. ఆ ప్రార్థన మన నాలుక మీదే ఆగిపోకుండా, మన చేతులలో, మన సంపాదనలో, మన సమయంలో కూడా కనిపించే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.